రంపపు పొట్టు నుంచి డీజిల్ వస్తుందా?

రంపపు పొట్టు, పనికిరాని చెక్క ముక్కలను పైరాలిసిస్ చేస్తే బండిలో పోసుకునే ఇంధనం వస్తుందా అన్నది ప్రశ్న. ద్రవ ఇంధనమైతే వస్తుంది, కానీ అది డీజిల్ కాదు.

పైరాలిసిస్ అంటే గాలి తగలకుండా కలపను వేడి చేయడం. ఆక్సిజన్ లేదు కాబట్టి కలప మండదు, విడిపోతుంది. నూనె ఎక్కువ రావాలంటే దాదాపు 500 డిగ్రీల సెల్సియస్‌కు చాలా వేగంగా వేడెక్కించి, పుట్టిన ఆవిరిని సుమారు రెండు సెకన్లలోపే చల్లార్చాలి. ఆలస్యమైతే అది ఇంకా విరిగిపోయి గ్యాస్ పెరుగుతుంది, నూనె తగ్గుతుంది. అందుకే కలపను కొన్ని మిల్లీమీటర్ల సైజుకు నలగ్గొట్టి, తేమ 10 శాతం లోపుకి వచ్చేదాకా ఆరబెడతారు. అన్నీ కుదిరితే ఎండు కలప బరువులో 60 నుంచి 75 శాతం దాకా ద్రవమే. మిగిలిన బొగ్గు, గ్యాస్ సాధారణంగా ప్లాంటు వేడికే సరిపోతాయి.

అసలు చిక్కు ఆ ద్రవంతోనే. ముదురు గోధుమ రంగు, ఘాటైన పొగ వాసన. దాదాపు పావు వంతు నీళ్లే. పీహెచ్ 2-3 మధ్య ఉంటుంది, అంటే బాగా ఆమ్లం, కాబట్టి మామూలు ఉక్కు ట్యాంకును తినేస్తుంది. కలపలోంచే వచ్చిన ఆక్సిజన్ ఇందులో ఎక్కువ కావడంతో కిలోకు ఇచ్చే శక్తి డీజిల్‌లో సగం కూడా ఉండదు. డీజిల్‌లో కలవదు, నిల్వ ఉంచితే చిక్కబడుతుంది.

బాయిలర్లలో మండించడానికి ఇది బాగానే పనికొస్తుంది. ఇంజిన్లకు కావాలంటే ఉత్ప్రేరకం సాయంతో, హైడ్రోజన్ ఒత్తిడిలో ఆ ఆక్సిజన్‌ను తీసేయాలి. నా దృష్టిలో ఈ టెక్నాలజీకి అసలు పరీక్ష ఇదే: హైడ్రోజన్‌కు ఖర్చవుతుంది, ఉత్ప్రేరకం త్వరగా మసి పట్టి చచ్చుబడుతుంది.

ఒక జాగ్రత్త. రంగులు వేసిన, చెదల మందు పట్టించిన చెక్కను ఇందులో కలపకూడదు. వాటిలోని లోహాలు బొగ్గులోకి, కొంత నూనెలోకి కూడా చేరతాయి.