క్రిప్టోగ్రఫీ నేర్చుకుంటానంటున్న అమ్మాయి, లక్షా ఇరవై వేల కోర్సు, మధ్యలో నాన్న

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నరసరావుపేట. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ సెకండియర్, ఎం1 (ఫస్టియర్ లెక్కల పేపర్) బ్యాక్‌లాగ్ ఉంది. ఈమధ్య ఎన్‌క్రిప్షన్, క్రిప్టోగ్రఫీ నేర్చుకుంటా అంటోంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది సైబర్ సెక్యూరిటీకి స్కోప్ ఉంది గానీ ఏఐ ఇంకా బెటర్ అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎథికల్ హ్యాకింగ్, బ్లాక్‌చెయిన్, క్వాంటమ్ క్రిప్టోగ్రఫీ అన్నీ కలిపి ఆరు నెలల కోర్సు, ఫీజు 1,20,000, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. ఆదివారం లోపు 5,000 కట్టి సీటు బ్లాక్ చేసుకోమంటున్నారు. లెక్కల్లో వీక్‌గా ఉన్న పిల్లకి ఇది వస్తుందా? బిట్‌కాయిన్ గొడవల్లో పడుతుందేమోనని కూడా భయంగా ఉంది. ఏఐ, సైబర్ రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: సార్, ముందు ఒకమాట అంటా, ఏమీ అనుకోకండి. మీ మెసేజ్‌లో బావమరిది గారు ఏమన్నారో ఉంది, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏమన్నారో ఉంది, అమ్మాయికి ఈ సబ్జెక్ట్ ఎందుకు నచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. అసలు అడిగారా? సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ నాకు ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, కోర్సు పేరు మారుతుంది అంతే, ఒకప్పుడు డాట్‌నెట్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఇది. పైకి అడిగేది ఏది మంచిదని. లోపల ఉన్నది మా పిల్ల వెనకబడిపోతోందేమో, బ్యాక్‌లాగ్ సంగతి చుట్టాలకి తెలిస్తే ఏమనుకుంటారో అని. ఆ భయం ఫీజు కడితే పోయేది కాదు, రెండో ఇన్‌స్టాల్‌మెంట్ టైమ్‌కి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

బిట్‌కాయిన్ సంగతి ముందు తేల్చేస్తా. అమ్మాయి నేర్చుకుంటానంటున్నది కాయిన్లు కొనే వ్యవహారం కాదు, సమాచారాన్ని ఇంకొకళ్లు చదవకుండా, మార్చకుండా కాపాడే లెక్క. మీరు రేషన్ షాపులో వేలిముద్ర పెడతారు కదా, ఆ వేలిముద్ర డేటాని అప్పటికప్పుడు తయారైన ఒక కీతో, అంటే రహస్య సంఖ్యతో, ఏఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అంటే కీ లేనివాళ్లు చదవలేని రూపంలోకి మారుస్తారు, ఆ కీని మళ్లీ ఆధార్ సంస్థ వాళ్ల 2048 బిట్ల పబ్లిక్ కీతో (ఎవరికి తెలిసినా ఫర్వాలేని కీ) ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతారు, అవతల వాళ్ల దగ్గరున్న ప్రైవేట్ కీ లేకుండా మధ్యలో ఎవరికి దొరికినా పనికిరాదు. వాట్సాప్‌లో, బ్యాంకు యాప్‌లో, బ్రౌజర్‌లో మనకి కనపడకుండా నడిచేది ఇలాంటి లెక్కే. ఇది నేర్చుకుంటానన్న పిల్లని చూసి భయపడడం దేనికి?

లెక్కల్లో వీక్ అన్నారు. ఎం1 పోతే లెక్కలు రావని మనకి మనమే తీర్పు ఇచ్చేస్తాం. ఎం1లో ఉండేది ఎక్కువగా మాట్రిక్సులు, కాలిక్యులస్. క్రిప్టోగ్రఫీ బేసిక్స్‌కి కావాల్సింది శేషాలతో లెక్కలు, గ.సా.భా., ప్రధాన సంఖ్యలు, కొంచెం ప్రాబబిలిటీ, అంటే సగం హైస్కూల్లో చూసినవే, మిగతా సగం డిస్క్రీట్ మాథ్స్‌లో వస్తుంది. ఇంకా లోతుకి వెళ్తే మాట్రిక్సులు కూడా కావాలి, కాబట్టి ఎం1 రాసి పాస్ అవ్వాల్సిందే, అది తప్పదు. కానీ ఆ బ్యాక్‌లాగ్ చూపించి ఇది నీకు రాదు అనకండి.

అమ్మాయికి వస్తుందో రాదో ఇంట్లోనే ఒక సాయంత్రం చూసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. కాగితం తీసుకుని 3, 11 రాయమనండి. గుణిస్తే 33. ఒక్కోదాంట్లో ఒకటి తగ్గించి గుణిస్తే 2 ఇంటూ 10, 20. ఎన్‌క్రిప్ట్ చేసే అంకె 3, తిరిగి విప్పే అంకె 7, ఎందుకంటే 3 ఇంటూ 7, 21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు పంపాల్సిన అంకె 4 అనుకోండి. 4 ఘనం 64, 33తో భాగిస్తే శేషం 31. దారిలో వెళ్లేది ఆ 31 మాత్రమే. అవతలివాళ్లు 31ని ఏడో ఘాతానికి తీసుకెళ్లి 33తో భాగిస్తే శేషం మళ్లీ 4 వస్తుంది, 31 అంటే 33కి రెండు తక్కువ కాబట్టి దాని బదులు మైనస్ 2 పెట్టుకుంటే నోటిలెక్కే. ఇదే ఆర్‌ఎస్‌ఏ, 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టింది, నిజంగా వాడేటప్పుడు 33 బదులు ఆరువందల పైచిలుకు అంకెలున్న సంఖ్య ఉంటుంది, దాన్ని మళ్లీ రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం ఇప్పుడున్న కంప్యూటర్లతో కావట్లేదు కాబట్టే అది నిలబడింది. ఈ లెక్క చేశాక అమ్మాయి సరే అని ఫోన్ తీసుకుంటే ఒక అర్థం. అసలు 4 ఎలా తిరిగొచ్చింది, 20 ఎందుకు, ఇంకే అంకెలకైనా పనిచేస్తుందా అని పెన్ను కింద పెట్టకుండా కూర్చుంటే మాత్రం ఆ పిల్లని ఆపకండి సార్.

ఇక ఆ 1,20,000 కోర్సు. దీనిమీద కాస్త ఎక్కువే మాట్లాడతా, ఎందుకంటే నా అనుమానాలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎథికల్ హ్యాకింగ్, బ్లాక్‌చెయిన్, క్వాంటమ్ మూడూ ఆరు నెలల్లో అంటున్నారంటే ఏ ఒక్కటీ చెప్పరనే అర్థం, టూల్ ఓపెన్ చేసి బటన్ నొక్కించడం, స్క్రీన్‌షాట్, సర్టిఫికెట్. అలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని ఒక్కటే అడుగుతా, వెబ్‌సైట్‌లో యూజర్ల పాస్‌వర్డ్‌లు ఎలా దాస్తావ్ అని. ఎక్కువమంది ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తాం అంటారు. అది తప్పు. ఎన్‌క్రిప్ట్ చేసింది కీ ఉంటే వెనక్కి వస్తుంది, పాస్‌వర్డ్ వెనక్కి రాకూడదు, అందుకే ఒక్కో యూజర్‌కి వేరే సాల్ట్ (ఇష్టమొచ్చినట్టు ఎంచిన కొన్ని అక్షరాలు) కలిపి హ్యాష్ చేస్తారు, అంటే వెనక్కి తిప్పలేని రూపంలోకి మారుస్తారు, అదీ బీక్రిప్ట్ లాంటి కావాలని నెమ్మదిగా చేసిన పద్ధతితో. 2013లో అడోబీ డేటా లీకైనప్పుడు జరిగింది ఇదే, పాస్‌వర్డ్‌లని ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టారు, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లందరికీ ఒకేలాంటి అక్షరాలు కనపడ్డాయి, పక్కనే యూజర్లు రాసుకున్న హింట్లు, ఇంకేముంది, కీ తెలియకుండానే జనం ఊహించేశారు. అంత పెద్ద కంపెనీలోనే బేసిక్స్ దగ్గర దెబ్బతిన్నారు. పిల్లలు బేస్64 కూడా ఎన్‌క్రిప్షనే అనుకుంటారు, అది రాసే తీరు మార్చడం, కీ ఉండదు, ఎవరైనా విప్పేస్తారు. ఈ తేడాలు చెప్పని కోర్సు క్వాంటమ్ గురించి ఏం చెప్తుంది?

క్వాంటమ్ వట్టి మాట అనట్లేదు. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఆర్‌ఎస్‌ఏ పోతుందని 1994లోనే పీటర్ షోర్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త చూపించాడు, దానికి తట్టుకునే కొత్త పద్ధతుల్లో మొదటి మూడు ప్రమాణాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది, మన కేంద్రం 2023లో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 6,000 కోట్ల పైన పెట్టింది, అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని రోజూ పేపర్లో చూస్తున్నారు. పాత పద్ధతుల నుంచి కొత్తవాటికి మారే పని ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ ఆ పనిలోకి తీసుకునేది పాత పద్ధతి ఎందుకు పనిచేసిందో తెలిసినవాళ్లని. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అమ్మేది ఆ పేపర్ హెడ్డింగ్‌ని.

ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు కదా, ఏ ఉద్యోగమో అడిగారా? క్రిప్టోగ్రాఫర్ అనే ఉద్యోగం బీటెక్ ఫ్రెషర్‌కి దాదాపు ఉండదు. సైబర్ పేరుతో ఫ్రెషర్‌కి ఎక్కువగా దొరికేది సాక్ అనలిస్ట్ పని, స్క్రీన్ ముందు కూర్చుని అలర్ట్‌లు చూడడం, నైట్ షిఫ్ట్‌లు. చెడ్డదని కాదు, చాలామంది అక్కడినుంచే పైకొచ్చారు, కానీ బ్రోషర్‌లో హుడీ వేసుకున్న కుర్రాడి బొమ్మ చూసి ఫీజు కట్టేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. అసలు క్రిప్టోగ్రఫీనే వృత్తిగా కావాలంటే పీజీ దారి, కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీలో ఎంటెక్ ఉంది, మన హైదరాబాద్‌లోనే ట్రిపుల్ ఐటీలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని సీఆర్ రావు సంస్థలో ఈ పరిశోధన జరుగుతుంది, బ్యాంకుల వైపు చూస్తే ఆర్‌బీఐ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది. ఎంట్రన్సుల సంగతి ఇప్పుడెందుకు, థర్డ్ ఇయర్‌లో చూసుకోవచ్చు.

అక్కడిదాకా వెళ్లకపోయినా నేర్చుకున్నది వృథా కాదు. 2022 అక్టోబర్ నుంచి షాపింగ్ సైట్లు మన కార్డు నంబర్ దాచుకోకూడదని ఆర్‌బీఐ రూల్, దాని బదులు టోకెన్ అనే మారు నంబర్ ఉంచుకోవాలి. 2023 డేటా రక్షణ చట్టంలో డేటాని సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా పెనాల్టీ ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా చేరినా కీ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిన పిల్లకి టీమ్‌లో విలువ ఉంటుంది, కోడ్‌లోనే పాస్‌వర్డ్ రాసి గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టేసేవాళ్లు ఎంతమందో మీకు తెలీదు.

ఏఐతో పోల్చమన్నారు. ఏఐకి కావాల్సింది మాట్రిక్సులు, కాలిక్యులస్, అంటే అమ్మాయి ఫెయిలైన ఎం1నే, బావమరిది గారికి ఆ సంగతి చెప్పారో లేదో. సైబర్‌లో పోటీ కాస్త తక్కువే అయినా మొదటి ఉద్యోగంలో మెరుపులేమీ ఉండవు. ఇంతకంటే పోలిక ఇప్పుడు అనవసరం సార్, సెకండియర్‌లో రెండిటికీ మొదలు ఒకటే, పైథాన్, నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మాథ్స్. ఏ తలుపూ మూసుకుపోలేదు. ఒక్క బ్యాక్‌లాగ్‌తో ఎవరి జీవితమూ ఆగిపోలేదు, సప్లీ రాసి ముందుకెళ్లినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, చెప్పుకోరు అంతే. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్ గారితో కలిసి ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ అయిన కుర్రాళ్లు. ఈ ముక్క అమ్మాయికి ఉత్సాహం కోసం చెప్పండి, నువ్వూ అలా చెయ్యి అని మాత్రం వెంటపడకండి, మీరు పడేలా ఉన్నారు.

మొదలుపెట్టడానికి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటెల్‌లో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ గారి పాఠాలు, ఆశిష్ చౌదరి గారి పాఠాలు ఉన్నాయి, వీడియోలు ఫ్రీ, పరీక్ష రాస్తేనే ఫీజు. చౌదరి గారివి కొంచెం బరువు, తర్వాత చూసుకోమనండి. పక్కన పైథాన్‌లో హ్యాష్‌లిబ్ అనే లైబ్రరీ తెరిచి తన పేరుకి ఎస్‌హెచ్‌ఏ 256 అనే హ్యాష్ తీసి, ఒక్క అక్షరం మార్చి మళ్లీ తీసి చూడమనండి. తర్వాత సీజర్ సైఫర్ (ప్రతి అక్షరాన్నీ ఒకే లెక్కన ముందుకి జరిపే పాత పద్ధతి) తానే రాసి తానే పగలగొట్టాలి, పాతికే అవకాశాలు, పది నిమిషాల పని. ఏఈఎస్, ఇద్దరూ ఒకే రహస్య కీకి వచ్చే డిఫీ హెల్‌మన్ పద్ధతి, డిజిటల్ సంతకాలు ఆ వరసలో వస్తాయి. క్రిప్టోహ్యాక్ అని ఒక సైట్ ఉంది, పజిల్స్ లాగా ఉంటాయి, వారానికి రెండు మూడు చేస్తే చాలు. తాను తయారుచేసిన ఎన్‌క్రిప్షన్ పద్ధతిని మాత్రం నిజమైన యాప్‌లో పెట్టొద్దని చెప్పండి, నేర్చుకోడానికి రాయొచ్చు, వాడడానికి లోకమంతా పరీక్షించిన లైబ్రరీలే. ఎం1 సప్లీ అయ్యేదాకా దీనికి రోజుకి గంట మించొద్దు.

ఆ 5,000 కట్టకండి. ఆదివారం దాటితే సీటు పోతుందంటారు, సోమవారం వాళ్లే ఫోన్ చేసి డిస్కౌంట్ ఇస్తామంటారు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఈరోజే రిఫండ్ అడుగుతూ ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, రసీదు, వాట్సాప్‌లో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని రాసిన మెసేజ్ రెండూ జాగ్రత్తగా పెట్టుకోండి. ఇవ్వకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.