ఐరిస్ వర్ణపటాన్ని డిటెక్టర్ మీద పడ్డట్టే చూడాలంటే

ప్రశ్న: సూర్యుడి అతినీలలోహిత వర్ణపటాన్ని తీసే నాసా ఐరిస్ ఉపగ్రహపు లెవెల్ 2 (సరిదిద్దిన) రాస్టర్ ఫైలును, అంటే స్లిట్ అనే సన్నని చీలికను సూర్యుడి మీద అడుగడుగునా జరుపుతూ తీసిన వర్ణపటాల ఫైలును, పైథాన్‌లో తెరిస్తే బొమ్మంతా ఒకే బూడిద రంగు. అంకెల్లో ఎటు చూసినా -32768. పైగా విండోలన్నీ (వర్ణపటంలోని భాగాలు) విడివిడి ముక్కలు. డిటెక్టర్ బొమ్మలా ఒకచోట చూడటం ఎలా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఫైలు పాడవలేదు. చోటు కలిసిరావడానికి విలువల్ని 16 బిట్ల పూర్ణాంకాలుగా దాస్తారు. మీరు స్కేలింగ్ ఆపేసి తెరిచినట్టున్నారు. ప్రతి అంకెను 0.25తో గుణించి 7992 కలపండి. -32768 కాస్తా -200 అవుతుంది. డేటా లేని చోట పెట్టే గుర్తు అది. దాన్ని నాన్‌గా (‘అంకె కాదు’ అని చెప్పే విలువగా) మార్చాకే బొమ్మ గీయండి. లేదంటే రంగుల స్కేలు -200 దగ్గర మొదలై అసలు వెలుగు కనిపించదు.

ఇక ముక్కల సంగతి. భూమికి పంపగలిగే డేటా పరిమితం కాబట్టి చాలా పరిశీలనల్లో కావలసిన వర్ణపట గీతల చుట్టుపక్కల భాగాన్నే పంపుతారు: మెగ్నీషియం 2796, 2803, సిలికాన్ 1394, 1403, కార్బన్ 1335 ఆంగ్‌స్ట్రాముల దగ్గర. ఏ ముక్క ఏ డిటెక్టర్‌దో, ఏ నిలువు వరస నుంచి ఏ వరస దాకానో మొదటి హెడర్‌లోనే ఉంటుంది. డిటెక్టరంత ఖాళీ అర్రే చేసుకుని ముక్కల్ని వాటి చోట్లలో అమర్చండి. వెడల్పు కుదరకపోతే బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్లను కలిపేయడం) జరిగిందేమో చూడండి. పైథాన్‌లో అక్షాల వరస: రాస్టర్ అడుగు, స్లిట్ పొడవు, తరంగదైర్ఘ్యం. మొదటి అక్షంలో ఒక సంఖ్య ఇస్తే ఒక ఎక్స్‌పోజర్ వస్తుంది. ఐడీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు: దాని మీద నడిచే సౌర డేటా సాఫ్ట్‌వేర్ సోలార్‌సాఫ్ట్‌లోని ఐరిస్ ఎక్స్‌ఫైల్స్ నుంచి ఫైలు తెరిచి డిటెక్టర్ బొమ్మను నేరుగా చూడొచ్చు.

రాస్టర్ మ్యాపు గీసే ముందు ఈ బొమ్మ చూసి తీరాలన్నది మా గట్టి సలహా. మ్యాపులో మెరుపులా కనిపించేది ఇక్కడ నాలుగైదు పిక్సెళ్ల తెల్లచుక్కగా తేలిపోతుంది. అది డిటెక్టర్‌ను తాకిన శక్తికణం. భూమి రేడియేషన్ వలయం కిందికి దిగే దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు ఇవి చినుకుల్లా పడతాయి. అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ ఒకే ఎత్తున అడ్డంగా సాగే నల్లగీతలు స్లిట్ మీది ఆనవాళ్లు, సూర్యుడివి కావు. సౌరజ్వాలల వేళ ఎక్స్‌పోజర్ దానంతటదే తగ్గుతుంది. చివరి నుంచి రెండో ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న ఎక్స్‌పోజర్ కాలంతో భాగించకుండా ఒక అడుగును ఇంకో అడుగుతో పోల్చొద్దు.

ప్రశ్న: ఆదిత్య-ఎల్1లోని అతినీలలోహిత టెలిస్కోపు సూట్ డేటానూ ఇలాగే చూడొచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లేదు. సూట్ ఫిల్టర్లతో సూర్యబింబాన్ని ఫొటో తీస్తుంది. అందులో తరంగదైర్ఘ్యపు అక్షమే ఉండదు. పోల్చాలంటే ఐరిస్ 2796 స్లిట్-జా బొమ్మల్ని (స్లిట్ చుట్టుపక్కల సూర్యుడి ఫొటోలు) దాని మెగ్నీషియం ఫిల్టర్ బొమ్మల పక్కన పెట్టండి.