సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు బ్యాటరీ నాలుగు నెలలకే పోయింది.. డీలర్‌ను అడగొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. రోజూ కారులోనే వెళ్లివస్తాను. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక పాత కార్ల డీలర్ దగ్గర హైబ్రిడ్ సెడాన్ కొన్నాం. ధర 14.5 లక్షలు. అందులో 9 లక్షలు బ్యాంకు లోను. ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నా పేరు మీదకు మార్పించుకున్నాం. ‘2017 మోడల్, బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉంది, టెన్షన్ వద్దు’ అని డీలర్ వాట్సాప్‌లో రాశాడు. బండి బాగానే నడిచింది, మైలేజీ కూడా బాగా ఇచ్చింది. జూన్‌లో ఒక రోజు హైబ్రిడ్ సిస్టమ్ వార్నింగ్ లైటు వెలిగింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలి, 4 లక్షలు దాటుతుందన్నారు. ఆర్సీ ప్రకారం రిజిస్ట్రేషన్ 2016 డిసెంబర్ కాబట్టి వారంటీ 2024 డిసెంబర్‌తోనే అయిపోయిందట. డీలర్‌ను అడిగితే, ‘పాత బండికి గ్యారంటీ ఏంటమ్మా, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని సంతకం పెట్టారు కదా’ అంటున్నాడు. మా మరిది పోలీసు కేసు పెడదామంటున్నాడు. ఇంకో మాట, ఇదే కారు ఇదే కంప్లయింటుతో జనవరిలో హైదరాబాద్‌లో తమ సెంటర్‌కే వచ్చినట్టు కంప్యూటర్‌లో ఉందని ఇక్కడి సర్వీస్ అడ్వైజర్ చెప్పాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు చివర్లో ‘ఇంకో మాట’ అని రాసిన ఆ జనవరి సంగతి మీదే మీ కేసు నిలబడుతుంది. మిగతాదంతా దాని తర్వాతే.

ఎందుకో చెబుతాను. ఎనిమిదేళ్లు నడిచిన హైబ్రిడ్ కారులో బ్యాటరీ పోవడం చట్టం దృష్టిలో దానికదే ఎవరి తప్పూ కాదు. ఈ బ్యాటరీ బ్రేకు వేసినప్పుడల్లా ఛార్జ్ అవుతూ, ట్రాఫిక్‌లో కదిలినప్పుడల్లా ఖర్చవుతూ, రోజూ పని చేస్తూనే ఉంటుంది. దానికి వేడి పడదు. చాలా మోడళ్లలో వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది. దాని లోపలి ఫ్యాన్ క్యాబిన్ గాలిని లాగి బ్యాటరీని చల్లబరుస్తుంది. ఆ జాలీ దుమ్ముతో మూసుకుపోతే, మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. ఇవన్నీ డీలర్ తరఫు లాయరు చెబుతాడు. ‘కొన్న నాలుగు నెలలకే పాడైంది’ అన్న ఒక్క మాట మీద కేసు వేస్తే, ‘వాడకంతో అరిగిపోయింది, అందులో మా లోపం లేదు’ అన్న జవాబు వస్తుంది. అది తేలిగ్గా కొట్టివేయగలిగే జవాబు కాదు.

కానీ అమ్మేటప్పటికే బ్యాటరీ దెబ్బతిని ఉందని డీలర్‌కు తెలిసి, ఆ సంగతి దాచి అమ్మాడని చూపించగలిగితే కథ మారిపోతుంది. తెలిసిన విషయాన్ని కావాలని కప్పిపెట్టడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకూ వస్తుంది. కాబట్టి మీ శ్రమంతా ‘డీలర్‌కు ముందే తెలుసు’ అన్నది నిరూపించడం మీద పెట్టండి.

ముందు ఆ జనవరి జాబ్‌కార్డు (సర్వీస్‌కు వచ్చిన బండి వివరాలు రాసే కాగితం) కాపీ కోసం సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్ రాయండి. నోటిమాటగా అడగొద్దు. ఇప్పటి యజమానిగా బండి సర్వీస్ హిస్టరీ కావాలని, ఆర్సీ జతచేసి అడగండి. పాత ఓనరు వివరాలు ఇవ్వం అంటే, పేరు, ఫోన్ నంబరు కొట్టేసి మిగతాది ఇమ్మనండి. మనకు కావలసింది తేదీ, కిలోమీటర్ల రీడింగు, ఫాల్ట్ కోడ్ (స్కాన్‌లో లోపాన్ని చూపే సంకేతం), ఇచ్చిన ఎస్టిమేటు, అన్నిటికన్నా ముఖ్యంగా బండిని ఎవరు తెచ్చారన్నది. అయినా ఇవ్వకపోతే భయం లేదు. పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారం వినియోగదారుల కమిషన్‌కు వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కిందే ఉంది. ఫిర్యాదుతో పాటు ఒక పిటిషన్ వేస్తే చాలు.

తర్వాత, జనవరిలో ఆ కారు ఎవరి చేతిలో ఉందో తేల్చాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్‌కు రవాణా శాఖ ఆథరైజేషన్ ఉండాలి. ఓనరు బండిని డీలర్‌కు అప్పగించినప్పుడు ఆ సంగతిని ఫారం 29సి ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ బండికి డీలరే యజమాని కింద లెక్క. ఆ ఫారం మీది తేదీ జనవరి జాబ్‌కార్డు కంటే ముందుదైతే, వార్నింగ్ లైటు వెలిగినప్పుడు బండి డీలర్ దగ్గరే ఉంది. సర్వీస్ సెంటర్‌కు పంపింది కూడా ఆయనే అయ్యుండాలి. ఇక తెలియదనడానికి ఆయనకు దారి ఉండదు. ఫారం అసలు దాఖలు చేయలేదంటే అది ఆయన వైపు ఇంకో ఉల్లంఘన. అప్పుడు పాత ఓనరుకు ఆయన డబ్బు పంపిన తేదీ, డెలివరీ నోటు లాంటివి ఆధారమవుతాయి. పాత ఓనరును మాత్రం ప్రతివాదిగా చేర్చొద్దు. ఆయన డీలర్‌కు ఉన్న సంగతి చెప్పే అమ్మి ఉండవచ్చు. అలా చెప్పి ఉంటే మీకు ఆయనే అందరికన్నా పనికొచ్చే సాక్షి. మర్యాదగా ఒక ఫోన్ చేసి మాట్లాడండి. కారు తయారీ కంపెనీని చేర్చడం వల్ల కూడా లాభం లేదు. దాని వారంటీ ముగిసిపోయింది.

వారంటీ మాట దగ్గర కొంచెం జాగ్రత్త. మన దేశంలో స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్ల బ్యాటరీకి కంపెనీలు సాధారణంగా ఇచ్చే 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ, బండి మొదటి ఓనరు చేతికి వచ్చిన రోజు నుంచి లెక్క. మీరు కొన్న రోజు నుంచి కాదు. డీలర్ ‘2017 మోడల్’ అన్నాడు, ఆర్సీలో 2016 డిసెంబర్ ఉంది. వారంటీ అయిపోయిన రెండు నెలలకు ‘ఉంది’ అని రాసివ్వడం అబద్ధమే, ఆ వాట్సాప్ మెసేజ్ మీకు ఆధారమే. కానీ కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. తప్పుడు మాట నమ్మి ఒప్పుకున్నా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే ఆ కారణంతో ఒప్పందం రద్దు కాదు. ‘ఆర్సీ చేతిలో పెట్టాం, తేదీ చూసుకోవాల్సింది’ అని ఆయన వాదిస్తాడు. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెట్టిన చోట మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. అందుకే జాబ్‌కార్డును ముందు పెట్టి, వారంటీ మెసేజ్‌ను దానికి తోడుగా వాడమంటున్నాను. చాటును ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు.

‘ఉన్నది ఉన్నట్టు’ అని సంతకం పెట్టినంత మాత్రాన హక్కులన్నీ పోవు. వస్తు విక్రయ చట్టం 62వ సెక్షన్ ప్రకారం, సరుకు నాణ్యత గురించి చట్టం దానంతటదే ఇచ్చే భరోసాలను ఇద్దరూ ఒప్పుకుని వదులుకోవచ్చు. నిజమే. సీటు చిరిగింది, క్లచ్ అరిగింది, ఏసీ చల్లగా లేదు అంటే ఆ సంతకం మీకు అడ్డు. తాను చేసిన మోసానికి మాత్రం ఎవరూ ముందుగా సంతకం తీసుకుని రక్షణ పొందలేరు.

కేసు గుంటూరులోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా ఉద్యోగం చేసే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. హైదరాబాద్ చుట్టూ తిరగనక్కర్లేదు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది. 10 నుంచి 20 లక్షల మధ్య విలువకు ఫీజు 400 రూపాయలే. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. దాన్ని లైటు వెలిగిన రోజు నుంచి కాకుండా, కారు కొన్న రోజు నుంచే లెక్కపెట్టుకుని వేయండి. కారు సొంత అవసరానికే వాడుతున్నారు కాబట్టి మీరు వినియోగదారే కాదన్న వాదన నిలవదు.

నోటీసు పంపడానికి ముందు మాత్రం ఒక పని చేయండి. ఇంకో అధీకృత సర్వీస్ సెంటర్‌లో కూడా స్కాన్ చేయించండి. కూలింగ్ ఫ్యాన్ జాలీ మూసుకుపోయినా, 12 వోల్టుల చిన్న బ్యాటరీ బలహీనపడినా కూడా హైబ్రిడ్ కార్లలో వార్నింగ్ లైట్లు వస్తాయి. నాలుగు లక్షల ఎస్టిమేటు విని కుంగిపోయి నా దగ్గరకు వచ్చిన ఒక ఓనరుకు, చివరికి ఫ్యాన్ శుభ్రం చేస్తే సరిపోయింది. ప్యాకే పోయిందని రెండో రిపోర్టు కూడా చెబితే, మీ కేసుకు అది ఇంకో బలం. అందులో ఫాల్ట్ కోడ్‌లు, బ్యాటరీ బ్లాకుల వోల్టేజీలు విడివిడిగా రాయించండి.

‘పోయిన సెల్స్ మాత్రమే మారుస్తాం, లక్ష లోపే’ అనే లోకల్ మెకానిక్ మాట ఇప్పుడు వినొద్దు. పాత సెల్స్ మధ్య కొత్తవి పెడితే బలం సమానంగా ఉండదు, లైటు మళ్లీ వస్తుంది. పైగా ప్యాక్ విప్పారంటే ‘మీరే పాడుచేశారు’ అనడానికి డీలర్‌కు దారి దొరుకుతుంది. అందులో ప్రాణాలు తీసేంత వోల్టేజీ ఉంటుందన్నది కూడా మర్చిపోవద్దు.

రెండో రిపోర్టు చేతికి రాగానే డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కారును చూసుకోవడానికి 15 రోజులు గడువు ఇస్తున్నామని, ఆ తర్వాత రిపేరు చేయించుకుని ఖర్చు వసూలు చేస్తామని అందులో స్పష్టంగా రాయండి. గడువు దాటాక అధీకృత సెంటర్‌లో మార్పించుకోండి. పాత ప్యాక్‌ను కేసు తేలేదాకా సీరియల్ నంబరుతో భద్రపరచమని వాళ్లకు రాసివ్వండి. కుదరదంటే ఫొటోలు, వీడియో, వాళ్ల సంతకంతో రిపోర్టు తీసుకోండి. నిపుణుల పరీక్ష కావాలని ప్రత్యర్థి అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఏం కోరాలంటే, నా సలహా ప్యాక్ ఖర్చు, టోయింగ్, కారు లేని రోజుల్లో ప్రయాణ ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు. కారు వెనక్కి ఇచ్చి మొత్తం డబ్బు కోరే హక్కు కూడా ఉంది. దాన్ని ప్రత్యామ్నాయంగా రాయండి, అప్పుడు ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌ను కూడా కలపండి. కానీ నాలుగు నెలలు తిప్పిన బండికి పూర్తి ధర ఇప్పించడానికి కమిషన్ వెనకాడవచ్చు. రిపేరు బిల్లుకు అంత ఇబ్బంది ఉండదు.

మీ మరిది గారి కోపం నాకు అర్థమవుతుంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసుకు అవకాశం లేకపోలేదు. కానీ జాబ్‌కార్డు చేతిలో లేకుండా స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపించేస్తారు. కాగితాలు వచ్చాక చూద్దాం.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు మోటారు పాలసీలో అరుగుదల, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. కారు షెడ్డులో ఉందని ఈఎంఐ మాత్రం ఆపకండి. డీలర్ చేసినదానికి బ్యాంకు బాధ్యత లేదు, క్రెడిట్ స్కోరు దెబ్బతినేది మీదే. జాబ్‌కార్డు కోసం ఆ ఈమెయిల్ ఈ రోజే పంపండి.