మాడ్యూల్ నుంచి ఏది బయటికి రావాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన షాపింగ్ కార్ట్ జావాస్క్రిప్ట్ కోడు ఆసాంతం చదివాను. పని చేస్తోంది, కాదనను. అయితే ప్రతి వేరియబులూ గ్లోబల్ స్కోపులోనే, అంటే పేజీలోని స్క్రిప్టులన్నిటికీ కనిపించే చోటే, వార్‌తో ఉంది కాబట్టి, రేపు ఇంకొకరు తమ స్క్రిప్టులోనూ ‘టోటల్’ అని వార్‌తో పేరు పెట్టుకుంటే నీ లెక్క తప్పుతుంది, ఎర్రరు కూడా రాదు. నేనొకసారి ‘నేమ్’ అనే గ్లోబల్ వేరియబులులో పేర్ల అర్రే (జాబితా) పెట్టి, లూపు ఒక్కొక్క అక్షరాన్నే చూపిస్తుంటే పూటంతా తల పట్టుకున్నాను. ఆ పేరు బ్రౌజరు ఇచ్చే విండో ఆబ్జెక్టుకు ముందే ఉందనీ, అందులో ఏది పెట్టినా స్ట్రింగుగా మారిపోతుందనీ అప్పుడే తెలిసింది.

కోడంతటినీ ఒక ఫంక్షన్‌లో పెట్టి అక్కడికక్కడే పిలువు, అదే నీ మాడ్యూల్. లోపలి వేరియబుల్స్ బయటికి కనిపించవు. నువ్వు రిటర్న్ చేసే ఆబ్జెక్టులోని ఫంక్షన్లకు మాత్రం, క్లోజర్ వల్ల (ఫంక్షన్ తాను పుట్టిన చోటి వేరియబుల్స్‌ను వదలకపోవడం వల్ల), అవి ఎప్పటికీ అందుబాటులో ఉంటాయి. ఫంక్షన్ చుట్టూ బ్రాకెట్లు మరువకు, లేకపోతే అది డిక్లరేషన్ అయి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఫైళ్లను కలిపే అలవాటుంటే, ముందు ఫైలు చివరి వాక్యంతో అతుక్కుపోకుండా మొదట ఒక సెమికోలన్ పెట్టు.

అసలు జాగ్రత్త రిటర్న్ దగ్గర కావాలి. ‘టోటల్’ సున్నాగా ఉన్నప్పుడు దాన్ని నేరుగా ఆబ్జెక్టులో పెట్టి ఇస్తే, బయటికి వెళ్లేది ఆ క్షణపు విలువకు నకలు మాత్రమే. లోపల మొత్తం ఐదు వందలకు పెరిగినా బయట సున్నాయే కనిపిస్తుంది. అందుకే విలువను కాక, దాన్ని చదివి చెప్పే ఫంక్షన్‌ను ఇవ్వు. అర్రే విషయంలో ప్రమాదం దీనికి సరిగ్గా తిరగబడుతుంది: బయటికి వెళ్లేది అదే అర్రే కాబట్టి ఎవరైనా అందులో వస్తువులు చొప్పించగలరు, కనుక దాని కాపీనే ఇవ్వాలి.

లెక్కలు వేసే మాడ్యూలు పేజీలోని ఎలిమెంట్లను ముట్టుకోకూడదు. ఆ పని వేరే మాడ్యూలుకు అప్పగించు.

జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంతో, ఒక ఫైలులోనివి ఇంకో ఫైలుకు అందించే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వచ్చాయి. కొత్త ప్రాజెక్టయితే వాటినే వాడు. అక్కడ ఫైలుకు దాని స్కోపు దానిదే, పైగా ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబులు మారితే ఇంపోర్ట్ చేసుకున్నవారికీ కొత్త విలువే కనిపిస్తుంది. మామూలు స్క్రిప్ట్ ట్యాగులతో నడిచే నీ పాత పేజీకి మాత్రం పై పద్ధతే సులువు.

ముందు కార్ట్ ఫైలు ఒక్కటీ మార్చి పంపు. రిటర్న్‌లో మూడుకు మించి పేర్లుంటే, ఒక్కోదాన్నీ బయట ఎవరు పిలుస్తున్నారో పక్కన రాయి.