పెద్ద పెట్టె సంగతి తర్వాత, ముందు చేతిసంచి

అమ్మడూ,

నిన్న రాత్రి అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి "తమ్ముడూ, నేను ఓడెక్కుతున్నాన్రా" అంటే భవానీ ఐలండ్‌కి పోయే లాంచీ గురించేమో అనుకుని "సరే, ఎండగా ఉంటది, గొడుగు తీస్కెళ్ళు" అన్నా. తర్వాత నిదానంగా చెప్పింది, సింగపూర్‌లో ఎక్కి పెనాంగు, ఫుకెట్టు చూసుకుని నాలుగు రాత్రులయ్యాక మళ్ళీ సింగపూర్‌లోనే దిగే ఓడంట, లోపల లిఫ్టులంట, ఈత కొలనంట. పుష్కరాల్లో కూడా ఆఖరి మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునే మనిషే ఆమె, 68 ఏళ్ళొచ్చినా కృష్ణలో మోకాలి లోతు దాటి దిగలా. అట్టాంటి మనిషిని ఒప్పించి, పాస్‌పోర్ట్ తీయించి సముద్రం మీద తిప్పుతున్నావంటే భలే గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలా. "ఏంది ఆ పొర్లటం" అని మీ అత్తయ్య కసిరితే లేచి కూర్చుని ఇది టైప్ చేస్తన్నా. తప్పులుంటే సర్దుకో, కళ్ళజోడు కనపళ్ళా.

అందరూ చెప్పేవి గబగబా చెప్పేస్తా. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలలన్నా గడువుండాలి. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా కాదా చూడు, ఎందుకంటే ఓడ తిరిగొచ్చేది మళ్ళీ ఆ దేశంలోకే. అరైవల్ కార్డ్ అని ఒకటుంటది, దిగటానికి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులడిగిన సైట్ ఏదైనా సరే మూసెయ్. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీస్కో, ఓడలో డాక్టరుంటాడు గానీ ఆయన బిల్లు చూస్తే కొత్త జబ్బొస్తది. పవర్ బ్యాంక్ విమానంలో చెకిన్ పెట్టెలో పెట్టబాకు. బట్టల సంగతి నీకు నేను చెప్పేదేముంది. ఒక రాత్రి అందరూ ముస్తాబై భోజనానికొస్తారంట, దానికి అక్కకి మంగళగిరి చీర చాలు, పట్టుచీరలూ నెక్లెస్సులూ బీరువాలోనే ఉండనీ. లోపల ఏసీ మాత్రం వణికిస్తది, శాలువా మర్చిపోబాకు.

తిండి దగ్గర అక్కతో గొడవ పెట్టుకోక తప్పదు నీకు. ఇప్పటికే గోంగూర పచ్చడి, కందిపొడి, చక్కిలాలు, కూరల్లోకి మసాలా కారం అని లెక్క చదివింది ఫోన్లో. ఇంట్లో చేసినవి ఓడలోకి రానివ్వరు, కొట్లో కొన్న సీలు పొట్లాలైతే చాలావరకు ఊరుకుంటారు, అది కూడా టికెట్ ఇచ్చినవాళ్ళని ఒకసారి అడుగు. వెజ్ తింటుందని బుకింగ్‌లోనే రాయించు. ముఖ్యంగా ఆ మసాలా కారం వద్దు, అక్క గసగసాలు వెయ్యకుండా మసాలా నూరదు, సింగపూర్‌లో గసగసాల్ని మత్తుమందుల లెక్కలో చూస్తారు. మన వంటింటి డబ్బా పట్టుకుని పరాయి దేశం పోలీసుకి సంజాయిషీ చెప్పుకోవటం దేనికి. అల్లుడి జేబులో చూయింగ్ గమ్ కూడా తీసెయ్, 1992 నుంచి అక్కడికి తేకూడదు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా ముందుగా పర్మిషన్ లేకుండా తీస్కెళ్ళబాకు. ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి ఓడవాళ్ళే లాగేసుకుంటారు, నీళ్ళ మధ్యలో వాళ్ళకి అన్నిటికంటే భయం నిప్పంటే.

ఇంక నేను నిద్ర లేచి కూర్చున్న సంగతికొస్తా.

ఓడెక్కే రోజు పెద్ద పెట్టెలు నీ చేతిలో ఉండవు. టెర్మినల్లోనే ట్యాగ్ కట్టి తీసేసుకుంటారు, అవి గది ముందుకొచ్చేసరికి సాయంత్రం కావచ్చు, చీకటి పడొచ్చు. అప్పటిదాకా నీకున్నదల్లా భుజానున్న సంచే. అందులో ఏముందో అదే నీ సంసారం.

నేను 34 ఏళ్ళు రైలు గార్డుగా చేశా, నీకు తెలుసుగా. 2022 నుంచి మా వాళ్ళని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు, పేరు బానే ఉంది. మాకు లైన్ బాక్స్ అని నల్లటి ఇనప పెట్టె ఉండేది, బాక్స్ బాయ్ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి రైలు చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో పడేసేవాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, పొగమంచులో పట్టాల మీద పెట్టే పటాకాలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, రూల్ పుస్తకాలు. చీకట్లో చెయ్యి పెట్టినా ఏది కావాలంటే అది తగిలేది. సత్యనారాయణపురం కాలనీలో నా అంత బాగా బాక్స్ సర్దేవాడు లేడని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

1988 మే నెల. అమ్మ, అదే మీ అమ్మమ్మ, వాళ్ళ తమ్ముడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేసేవాడు, ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడని నేనే బయల్దేరదీశా. మద్రాసు నుంచి ఓడ, దగ్గర దగ్గర మూడు రోజులు. అమ్మకి ఆయాసం, రోజూ మాత్రలు పడాల్సిందే. బెజవాడ స్టేషన్‌కి అక్క వచ్చింది మమ్మల్ని ఎక్కించటానికి, నిన్ను చంకనేసుకుని, నీకు రెండేళ్ళు అప్పుడు. కిటికీ ఊచల దగ్గర నిలబడి "అమ్మ మాత్రలు చేతిసంచిలో పెట్టావా" అంది. పెట్టా అన్నా. రైలు కదలబోతుంటే మళ్ళీ అడిగింది. "లైన్ బాక్స్ సర్దేవాడికి నువ్వు చెప్తావా అక్కా" అని అందరి ముందు విసుక్కున్నా.

పెట్టలేదమ్మా. హార్లిక్స్ సీసాలో పోసి, మూత మీద గుడ్డ కట్టి, రేకు ట్రంకులో ఎడం పక్కన అమ్మ చీరల కింద పెట్టా. ఎక్కడుందో తెలుసు కాబట్టి చేతిలో ఉన్నట్టే అనుకున్నా. మద్రాసు హార్బర్‌లో పెద్ద పెట్టెలు కింద సామాన్ల గదిలో వేస్తామన్నారు, చీటీ ఇచ్చారు, నేను చీటీ జేబులో వేసుకుని చేతులూపుకుంటా మెట్లెక్కా. బ్రేక్ వ్యాన్‌లో బాక్స్ ఎప్పుడూ నా కాళ్ళ దగ్గరే ఉండేది, అది అలవాటైనోడికి పెట్టె ఒక చోట మనిషి ఒక చోట ఉంటారని తట్టలా. సాయంత్రం మాత్ర అడిగింది అమ్మ. రేపు తీయిస్తాలే అన్నా. ఒక్క పూటకేమవుద్దిలే అనుకున్నా.

మే మూడో వారం దాటాక అండమాన్ వైపు ఋతుపవనం తగులుకుంటది, మేం సరిగ్గా దానికి ఎదురుపోయాం. రెండో రోజు రాత్రి ఓడ ఊగుడు మొదలైంది. అమ్మ తిన్న పులిహోరంతా బయటికొచ్చింది, దాని వెనకే ఆయాసం. కింద బంకుల్లో ఉన్నాం, గాలాడదు, డీజిల్ వాసన, చుట్టూ అందరూ వాంతులే. ఆమె ఛాతీలో పిల్లికూతలు రెండు బంకుల అవతలికి వినపడుతున్నయ్. చీటీ పట్టుకుని పరిగెత్తా. సామాన్ల గది దగ్గరున్నాయన "ఈ ఊగుడులో తలుపు తీస్తే పెట్టెలు మీద పడి మనిషి చస్తాడు, తీయను" అన్నాడు. బతిమిలాడా, అరిచా. తీయలా. ఇప్పుడు ఆలోచిస్తే నేనైనా తీసేవాణ్ణి కాదు.

డాక్టరు పైన ఉంటాడు, నిటారు మెట్లు, అమ్మ అడుగు వెయ్యలేకపోతంది. శ్రీకాకుళం నుంచి కూలిపనికి పోతున్న ఇద్దరు అన్నదమ్ములు చేతులు పెనవేసి ఆమెని కూర్చోబెట్టుకుని మోశారు. డాక్టరు ఇంజెక్షన్ తీస్తా "ఏం మాత్ర వాడతారు, ఎంత పవరు" అన్నాడు. నాకు తెలీదమ్మడూ. ట్రంకులో ఏ మూలనుందో తెలుసు, గుడ్డ రంగు కూడా తెలుసు. పేరు తెలీదు. "తెల్లగా ఉంటదండీ" అన్నా. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రుళ్ళు గుర్తొస్తది. అది డెరిఫిలిన్ అని ఇంటికొచ్చాక తెలుసుకున్నా, తెలుసుకుని ఏం లాభం.

తెల్లారేసరికి తేలికపడింది. డెక్ మీద నా భుజానికి ఆనుకుని కూర్చుని నీళ్ళ మీద ఎగిరే చేపల్ని చూసింది. "మీ అక్కకి చెప్పబాకు, అది నిన్ను బతకనివ్వదు" అంది. తిరిగొచ్చాక అక్క ఎట్టా జరిగిందమ్మా అనడిగితే "బ్రహ్మాండంగా, చేపలు పిట్టల్లాగా ఎగిరినయ్యే" అని చెప్పింది. మీ షోకేసులో ఉన్న తెల్ల శంఖం ఆ ట్రిప్‌లో నీకు తెచ్చిందే. అమ్మ పోయిందాకా నోరు విప్పలా, నేనూ విప్పలా.

అందుకని అక్క బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు నాలుగు రోజులకి కాదు, పది రోజులకి తీస్కో. సగం నీ సంచిలో, సగం ఆమె హ్యాండ్ బ్యాగ్‌లో. సీసాల్లో పొయ్యబాకు, షీట్లు షీట్లుగానే ఉంచు, మందుల చీటీ రెండు జిరాక్సులు, ఫోన్లో ఫోటో. పేర్లు నువ్వూ బట్టీపట్టు, అల్లుడి చేత కూడా పట్టించు. అదే సంచిలో పాస్‌పోర్టులు, టికెట్లు, ఛార్జర్, అందరికీ ఒక్కో జత బట్టలు, బుడ్డోడి ఈత నిక్కరు, ఎందుకంటే వాడు కొలను చూశాక పెట్టె వచ్చిందాకా ఆగడు. వాంతులకి అవోమిన్ లాంటివి ఎక్కే ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే అదీ బయటికొస్తది, కానీ అక్క వాడే మందులతో పడుద్దో లేదో మీ డాక్టర్ని అడిగే ఇవ్వు. ఖాళీ కడుపూ వద్దు, పులిహోరా వద్దు. గది ఇంకా ఖరారు కాకపోతే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో అడుగు, ఊగుడు తక్కువ.

అక్క హవాయి చెప్పులు ఇంట్లో వదిలెయ్, తడి డెక్ మీద జారతయ్. ఓడల్లో గడపలు ఎత్తుగా ఉంటయ్, ఆమె మోకాళ్ళు నీకు తెలుసు, మొదటి రోజే బాత్రూం గడప చూపించి రెండుసార్లు దాటించు. బాల్కనీ తలుపు గాలికి ఫట్‌మని పడుద్ది, బుడ్డోడి వేళ్ళు జాగ్రత్త. గోడలు చాలావరకు ఇనప రేకువే, అయస్కాంతం కొక్కేలు నాలుగు తీస్కెళ్తే తడి తువ్వాళ్ళకి పనికొస్తయ్. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, మర్నాడు కట్టుకునే బట్టలు కూడా అందులో సర్దేసి నైటీతో దిగినవాళ్ళున్నారంట, చూసుకో. ఓడ కదలగానే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, సముద్రం మీద శాటిలైట్ రోమింగ్ తగులుకుంటే ఓడ టికెట్ కంటే అదే ఎక్కువయ్యేట్టుంది.

చేతికి మామూలు వాచీ పెట్టుకో. ఇది గార్డు చాదస్తం అనుకో, అయినా విను. సింగపూర్, పెనాంగ్ టైం మనకంటే రెండున్నర గంటలు ముందు, ఫుకెట్‌ది గంటన్నరే. అక్కడ దిగగానే ఫోన్ దానంతటది గంట వెనక్కి పోద్ది, ఓడ మాత్రం దాని టైం మీదే ఉండొచ్చు. ఓడలో అయిదయితే నీ ఫోన్లో నాలుగే, నువ్వు తీరిగ్గా కొబ్బరిబోండాం తాగతా ఉంటావ్. సొంతంగా తిరగటానికెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు. పరిగెత్తుకొస్తున్నవాళ్ళని చూస్తా పచ్చ జెండా ఊపినోణ్ణి నేను, నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం బతిమిలాడి చెప్తన్నా. 2017 కార్తీకంలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు, చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. మన గుమ్మం ముందు జరిగింది అది. ఓడలో ఎక్కగానే, ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో చూపించే డ్రిల్ ఉంటది. ఇటలీ దగ్గర 2012లో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయాక, ఓడ కదలకముందే గానీ కదలగానే గానీ చేయించాలని పెట్టారు, అంతకుముందు ఎక్కిన 24 గంటల్లో ఎప్పుడో చేసేవాళ్ళు. అందరూ విసుక్కుంటారు, సెల్ఫీలు దిగుతారు. నువ్వు మాత్రం అక్కని చెయ్యి పట్టుకుని మీ గది నుంచి ఆ చేరాల్సిన చోటు దాకా నడిపించు, లిఫ్ట్ కాదు, మెట్లే. బుడ్డోడికి చిన్న సైజు జాకెట్ గదిలో లేకపోతే అడిగి తెచ్చుకో. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, అది ప్రమాదం గుర్తు. వాడికి ఆటలాగా నేర్పు, నేను చిన్నప్పుడు నీకు రైలు కూతలు నేర్పలా?

పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నారని చెప్పింది అక్క. పొద్దున ఆరింటికల్లా ప్లాట్‌ఫాం మీద ఉంటా. సంచి జిప్ తీసి చూస్తా, అందరి ముందే, విసుక్కోబాకు. ఎందుకురా ఇంత చాదస్తం అని అక్క అడుగుద్ది ఎట్టాగూ. అప్పుడు హార్లిక్స్ సీసా సంగతి నేనే చెప్తా, అందాకా నువ్వు బయటపెట్టబాకు. 37 ఏళ్ళు దాటింది, తిడితే తిట్టనీ, రైలు కదిలిందాకానేగా.

మీ అత్తయ్య దారిలోకి పెరుగన్నం కడుతుంది, అది మద్రాసు దాకే, ఓడ దాకా మోయబాకండి. గసగసాల డబ్బా ఇంట్లోనే వదిలారో లేదో కూడా అప్పుడే అడుగుతా.

మీ మామయ్య