ముందు చిట్టా, తర్వాత ఆవర్జా

ఫోన్‌లో నోట్స్ రాసుకోవడం గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను కథలు రాస్తాను. ఉద్యోగం కోసం రోజూ గాజువాక నుంచి మద్దిలపాలెం వరకు సిటీ బస్సులో వెళ్తాను. కథకు పనికొచ్చే మాటలు ఎక్కువగా ఆ ప్రయాణంలోనే తడతాయి. వెంటనే ఫోన్ తీస్తాను గానీ, లాక్ తెరిచి, ఉన్న మూడు నోట్స్ యాప్‌లలో ఒకదాన్ని ఎంచుకుని, ఏ ఫోల్డరులో పెట్టాలో తేల్చుకుని, కీబోర్డును తెలుగులోకి మార్చేసరికి సగం వాక్యం జారిపోతోంది. అన్నిటికంటే వేగంగా పనిచేసే యాప్ ఏదో చెప్పగలరా?
(ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: మీరు చెప్పిన నాలుగు పనుల్లో ఏ ఒక్కటీ యాప్ వేగానికి సంబంధించినది కాదు. ఆలస్యమంతా రాయడం మొదలుపెట్టడానికి ముందే జరుగుతోంది కాబట్టి నాలుగో యాప్ వేసుకున్నా మీకు ఒరిగేదేమీ ఉండదు. మనసు ఒకే సమయంలో పట్టి ఉంచగలిగేది సుమారు నాలుగు విషయాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. 1956లో జార్జ్ మిల్లర్ చెప్పిన ఏడు అనే అంకె అంతకంటే ప్రసిద్ధం. ఏ లెక్క సరైనదనుకున్నా ఆ చోటు చాలా ఇరుకైనదే. ఫోల్డరు పేరు గురించి ఆలోచించడం మొదలుపెట్టిన క్షణంలోనే మీ కథలోని వాక్యం అక్కడి నుంచి బయటికి నెట్టబడుతుంది.

పాతకాలపు కిరాణా వర్తకులు పగలంతా జరిగిన బేరాలను జరిగిన వరసలో చిట్టాలో వేసుకుని, దుకాణం కట్టేశాక తీరికగా కూర్చుని పద్దులవారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. కొనడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి, ఈ పద్దు ఏ ఖాతాలోకి వెళ్తుందోనని ఎవరూ ఆలోచించేవారు కాదు. బస్సులో మీరు మాత్రం సరిగ్గా ఆ ఆలోచనలోనే పడుతున్నారు. కాబట్టి మూడు యాప్‌లలో ఒకదాన్ని మాత్రమే ఉంచుకొని, అందులో శీర్షిక, ఫోల్డరు, రంగు వంటివేవీ పట్టించుకోకుండా కొత్త నోటు తెరిచి రాసేయండి. సర్దే పని ఇంటికి వెళ్లాక చేసుకోవచ్చు.

ఇక రాసే చోటికి ఎంత త్వరగా చేరవచ్చో చూద్దాము. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయి, గూగుల్ కీప్ వాడుతున్నట్లయితే, హోమ్ స్క్రీన్ మీద ఆ యాప్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకోండి. కొత్త నోటు, కొత్త జాబితా, ఆడియో నోటు వంటి ఎంపికలు కనిపిస్తాయి. వాటిలో కొత్త నోటు అన్నదాన్ని వేలితో లాగి హోమ్ స్క్రీన్ మీదనే విడిగా పెట్టుకుంటే, ఆ తర్వాత ఒక్క తాకుతో ఖాళీ పేజీ తెరుచుకుంటుంది. దాన్ని బొటనవేలికి అందే కింది వరుసలో పెట్టుకోండి, ఎందుకంటే బస్సులో మీ రెండో చేయి ఎలాగూ పైకమ్మీని పట్టుకొని ఉంటుంది. ఐఫోన్ అయితే లాక్ తెరవవలసిన పని కూడా లేదు. నోట్స్ సెట్టింగులలో లాక్ స్క్రీన్ నుంచి నోటు రాసేందుకు అనుమతి ఇచ్చి, కంట్రోల్ సెంటర్‌లో నోట్స్ గుర్తును చేర్చుకుంటే చాలు. ఫోన్ వీపు మీద రెండుసార్లు తట్టితే మీరు కోరిన పని జరిగే సదుపాయం కూడా ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14 నుంచి యాక్సెసిబిలిటీ సెట్టింగులలో ఉంది. అయితే గతుకుల రోడ్డు మీద అది తనంతట తానే పనిచేయడం మొదలుపెడితే మీకు విసుగు పుట్టవచ్చు.

చెమట పట్టిన వేళ్లతో మన ఊరి ఎండలో టైప్ చేయడం కంటే చెప్పడం సులభమని మీకు అనిపించే ఉంటుంది. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి 2017లోనే తెలుగు వచ్చింది. ఇంజిను హోరులో అది మనుషుల పేర్లనూ ఊళ్ల పేర్లనూ తారుమారు చేయవచ్చు గనుక, కీప్‌లోని ఆడియో నోటు మేలు. అది మీ మాటను అక్షరాల్లోకి మార్చడంతో పాటు గొంతును కూడా దాచి ఉంచుతుంది. దానితో ఒక చిక్కు ఉంది. మాటల మధ్య కాస్త ఎక్కువసేపు ఆగితే అది ముగిసిందనుకొని రికార్డింగు ఆపేస్తుంది. నెమ్మదిగా ఆలోచిస్తూ మాట్లాడేవారు ఫోన్‌లోని మామూలు రికార్డరును వాడుకోవడమే ఉత్తమం.

వేగం గురించి ఇంత చెప్పాక, వేగం చెడగొట్టే ఒక విషయం కూడా చెప్పాలి. "లైట్‌హౌస్, అన్నయ్య" అని రెండు మాటలు రాసుకుంటే ఆ పూటకు అంతా గుర్తున్నట్లే ఉంటుంది. పది రోజుల తర్వాత ఆ అన్నయ్య ఎవరో, లైట్‌హౌస్‌తో అతనికేమి పనో మీకే అర్థం కాదు. "లైట్‌హౌస్ వెలుగు లెక్కపెడుతూ నిద్రపోయే అలవాటున్న అన్నయ్య, ఊరు మారాక నిద్రపట్టక బాధపడతాడు" అని ఒక్క పూర్తి వాక్యం రాయడానికి మరో అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం మాత్రం పొదుపు చేయకండి.

ప్రశ్న: ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. చదివేటప్పుడు తట్టిన ప్రతిదీ ఫోన్‌లో రాసుకుంటాను. ఇప్పుడు నోట్సు వందల్లో ఉన్నాయి, వెతికితే మాత్రం కావలసింది దొరకదు. లేబుళ్లు పెంచమంటారా?
(ఒక అభ్యర్థి, అక్కయ్యపాలెం)

జవాబు: వద్దు. లేబుళ్లు ఎక్కువైన కొద్దీ ఏ నోటుకు ఏది పెట్టామో గుర్తుంచుకోవడం మరో సబ్జెక్టు అవుతుంది. మీ ఇబ్బంది బహుశా లిపి దగ్గర ఉంది. హడావిడిలో ఒకరోజు పోలవరం అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో, మరొకరోజు తెలుగు అక్షరాలలో టైప్ చేసి ఉంటారు. చదివే మనకు రెండూ ఒకటే గానీ, ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకూ ఇంగ్లీషు అక్షరాలకూ వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. నోట్స్ యాప్‌లలోని వెతుకులాట సాధారణంగా ఆ సంకేతాలనే పోల్చి చూస్తుంది కాబట్టి, ఒక లిపిలో అడిగితే రెండో లిపిలో ఉన్న నోటు కనిపించదు. పైగా తెలుగులోనే విశాఖపట్నం, విశాఖపట్టణం, వైజాగ్ అని ఒకే ఊరిని మూడు విధాలుగా రాస్తాము. ఒత్తు మారినా, దీర్ఘం తప్పినా వెతుకులాట దెబ్బతింటుంది.

అందువల్ల రాసే సమయంలో ఏ లిపి చేతికి వస్తే అందులో రాయండి, అక్కడ నియమాలు పెట్టుకోకండి. వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం అనుకుందాము, ఆ వారం నోట్సు అన్నిటినీ తెరిచి ఒక్కొక్కదాని మొదటి పంక్తిలో రెండు మూడు ముఖ్యమైన మాటలను తెలుగు లిపిలో, ఎప్పుడూ ఒకే వర్ణక్రమంతో చేర్చండి. మీ పాఠ్యప్రణాళికలోని మాటలనే వాడితే వర్ణక్రమం గురించిన సందేహం కూడా ఉండదు. సబ్జెక్టుకు ఒక లేబుల్ చాలు. కీప్‌లో నోటు మధ్యలో హ్యాష్ గుర్తు వేసి పేరు రాసినా లేబుల్ పడుతుంది. ఆ కూర్చున్నప్పుడే పనికిరానివి తీసేయండి. పుస్తకంలో ఉన్న వాక్యాన్నే మళ్లీ ఎక్కించిన నోట్సు మీ దగ్గర చాలా ఉంటాయని నా అనుమానం, వాటికి పేజీ సంఖ్య రాసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటే సరిపోదా?
(ఒక వ్యాపారి, పూర్ణా మార్కెట్)

జవాబు: పట్టుకోవడం వరకు భేషుగ్గా సరిపోతుంది. 2022 చివర్లో వాట్సాప్ ఈ సదుపాయాన్ని విడిగానే తెచ్చింది. ఎలాగూ రోజంతా తెరిచి ఉండే యాప్ గనుక వేగంలో దానికి సాటి లేదు, ఆ చాట్‌ను పైన పిన్ చేసుకుంటే మరీ సుఖం. ఇబ్బందల్లా తర్వాత వస్తుంది. పంపిన సందేశాన్ని 15 నిమిషాలు దాటితే మార్చలేరు, కాబట్టి నిన్నటి ఆలోచనకు ఈరోజు ఒక పంక్తి కలపడం కుదరదు. దాన్ని చిట్టాగా వాడుకొని, దుకాణం మూసే ముందు ఉంచుకోవలసినవాటిని నోట్స్‌లోకి మార్చుకోండి.

ప్రశ్న: భీమిలి రోడ్డు మీద బండి నడుపుతున్నప్పుడే మంచి ఆలోచనలు వస్తాయి. ఏమి చేయాలి?
(ఒక పాఠకుడు, రుషికొండ)

జవాబు: బండి పక్కకు ఆపి రాసుకోవాలి. చేతిలో ఫోన్‌తో వాహనం నడపడం 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది.

ప్రశ్న: అరకు రైలులో సిగ్నల్ లేనిచోట రాసినవి పోతాయా? ఫోనే పోతే?
(ఒక పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: కొత్తవలస, కిరండూల్ మధ్య ఉన్న ఆ లైనులో 50కి పైగా సొరంగాలున్నా మీ నోట్సుకు ఏమీ కాదు. కీప్ గానీ ఆపిల్ నోట్స్ గానీ ముందు ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ రాగానే ఖాతాలోకి పంపుతాయి. ఆ తర్వాత ఫోన్ పోయినా, అదే ఖాతాతో మరో ఫోన్‌లో ప్రవేశిస్తే అన్నీ కనిపిస్తాయి. అందుకు సింక్, అంటే నోట్సును ఖాతాలోకి పంపే ఆ ఏర్పాటు, పనిచేస్తూ ఉండాలి గనుక, ఒకసారి కంప్యూటరులో మీ ఖాతా తెరిచి తాజా నోటు అక్కడ ఉందో లేదో చూసుకోండి. పొరపాటున తొలగించిన నోటు కీప్ చెత్తబుట్టలో 7 రోజులు, ఆపిల్ నోట్స్‌లో సుమారు 30 రోజులు ఉంటుంది. బ్యాంకు పిన్‌లను మాత్రం ఏ నోట్స్ యాప్‌లోనూ రాయకండి.