వెతకడం మొదలుపెట్టింది ఒకటి, తేలింది ఇంకోచోట: ఇది మన లోపమా?

కాదు. సమాచారం వెతకడమంటేనే అది. 1989లో అమెరికా పరిశోధకురాలు మార్సియా బేట్స్ దీన్ని పొదల్లో పళ్లు ఏరుకోవడంతో పోల్చారు. జవాబంతా ఒక్కచోట దొరకదు, అక్కడక్కడా కొంచెం కొంచెంగా దొరుకుతుంది. దొరికిన ప్రతి ముక్కా మన ప్రశ్ననే మార్చేస్తుంది.

విశాఖలో ఎం.ఏ. చదివే అమ్మాయి ప్రాజెక్టు కోసం ఇంగ్లిషులో 'వైజాగ్ పోర్ట్ హిస్టరీ' అని కొట్టిందనుకుందాం. ఎక్కువగా ఈమధ్య వార్తలే వస్తాయి. వాటిలో ఒకచోట పోర్టు 1933లో తెరుచుకుందని కనిపిస్తుంది. ఆనాటి కాగితాల్లో ఊరు 'విజగపటం'. ఆ స్పెల్లింగుతో కొడితే పాత గెజిటీర్లు (జిల్లాల వివరాలు రాసిన ప్రభుత్వ పుస్తకాలు) బయటపడతాయి. ముఖ్యంగా మధ్య పరగణాల (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఎగుమతి కోసం పోర్టు కట్టారని తెలిశాక, ఆమెకు కావాల్సింది ఆ ప్రాంతాన్ని విశాఖ వైపు కలిపే రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం గురించిన సమాచారమవుతుంది. దారి తప్పలేదు, ప్రశ్నకు పదును వచ్చింది.

రెండో చిక్కు మాటలది. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువని 1987లో అమెరికా పరిశోధకుడు జార్జ్ ఫర్నాస్ బృందం చూపించింది. గూగుల్ దగ్గరి అర్థాల్నీ పట్టుకుంటుంది. చాలా లైబ్రరీ కేటలాగులు మాత్రం కొట్టిన అక్షరాలే చూస్తాయి. అందుకే అక్కడ పూర్తి వాక్యాలు రాయకండి, రెండు మూడు మాటలు చాలు. పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే దాని రికార్డు తెరిచి, అందులోని విషయ శీర్షికలతో (పుస్తకం దేని గురించో చెప్పడానికి లైబ్రరీ ఇచ్చే మాటలు) మళ్లీ వెతకండి. ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ లాంటి చోటైతే టెన్షన్ పడకుండా సిబ్బందిని అడగండి. ఏ పుస్తకం కావాలో కాదు, ఏ పని మీద వచ్చారో చెప్పండి.